సగం గాజు దాకా నీళ్ళు

అచ్యుతరామారావుకి పేకాట రాదు, సినిమాల పిచ్చి లేదు, కాఫీ తప్ప మరో అలవాటు లేదు. ఉన్నదల్లా బట్టలుతికే మిషన్ల పిచ్చి. కాలేజీలో ఫిజిక్సు పాఠం చెప్పి ఇంటికొస్తూ, దారిలో ఏ ఇంట్లోంచైనా మిషన్ తిరుగుతున్న చప్పుడు వినబడితే స్కూటరాపి, చెవి ఒగ్గి, "దీని బేరింగు ఇంకో రెండు నెలలు" అని తేల్చి గాని కదిలేవాడు కాదు. సత్యనారాయణపురంలో ఆ చుట్టుపక్కల ఎవరింట మిషన్ మొరాయించినా ముందు ఆయనకే కబురు. స్క్రూడ్రైవర్లున్న తగరపు డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. ఏమైనా ఇవ్వబోతే చిన్నబుచ్చుకునేవాడు. దాంతో వాళ్ళ అపార్ట్‌మెంటులో మిషన్ల విషయంలో ఆయన మాటంటే మాటే, దానికి అప్పీలు లేదు.

అలాంటి మనిషి సొంత మిషన్ పోయింది. పద్నాలుగేళ్ళు నమ్మకంగా చేసిన ఫ్రంట్ లోడరు, లోపలి తొట్టి తుప్పుపట్టి చిల్లుపడితే, దానికి తగిన తొట్టి విజయవాడలోనే కాదు మద్రాసులో కూడా దొరకలేదు. ఆయన రెండు పూటలు సరిగా అన్నం తినలేదు. మూడో పూట భార్య రమాసుందరి తన టెలిఫోన్సు ఆఫీసులో అప్పు పెట్టి కొత్త మిషన్ కొనిపించింది. అది రెండువేల ఆరు జూన్ నెల. శనివారం సాయంత్రం కంపెనీ మెకానిక్కు కృపానందం వచ్చి మిషన్ బిగించి, బొత్తాలు చూపించి, ఓ కాఫీ తాగి వెళ్ళాడు. ఆదివారం పొద్దున్నే అచ్యుతరామారావు స్నానం చేసి, వంటింటి వెనక వసారాలో మిషన్ ఎదురుగా పీట వేసుకుని, చేతిలో కాఫీ గ్లాసుతో కూర్చున్నాడు.

బొత్తాం నొక్కగానే తలుపు టక్కున తాళం పడింది. నీళ్ళ చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది. డ్రమ్ము ఎడమకు రెండు చుట్లు తిరిగింది, ఆగింది. కుడికి మూడు చుట్లు తిరిగింది, మళ్ళీ ఆగింది. ఆయన ముందుకు వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చొక్కాలు తడిసి ముద్దై ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి గానీ గాజు వెనక చుక్క నీరు నిలిచి లేదు.

"నీళ్ళేవి రమా?" అన్నాడు.

"లోపల ఉన్నాయేమో" అంది రమాసుందరి ఉల్లిపాయలు తరుగుతూ.

"లోపలుంటే కనబడాలిగా. ఈ గాజు పెట్టింది అందుకేగా."

పాత మిషన్లో ఇలా ఉండేది కాదు. సగం గాజు దాకా నీళ్ళు నిలిచేవి. వాటిలో చొక్కాలు చేతులు చాచి ఈదుతూ ఉంటే, మురికి విడివడి నీళ్ళు క్రమంగా బూడిద రంగుకు తిరగడం కళ్ళారా కనిపించేది. ఆదివారం పొద్దుట ఆ గంటసేపూ ఆయనకు లోకంతో పని లేదు. ఇప్పుడు ఈ కొత్తది రెండు చుట్లు తిరిగి ఆగుతోంది, ఆగి ఏం చేస్తోందో తెలియడం లేదు. పైన అద్దం మీద ఒకటీ యాభై ఎనిమిది అని అంకెలు వెలుగుతున్నాయి. చేతి గడియారం పెట్టుకుని చూస్తే పది నిమిషాలకు మూడు అంకెలు తగ్గింది. ఇంకో పది నిమిషాలకు తగ్గకపోగా రెండు పెరిగింది. నిమిషమంటే అరవై సెకన్లని పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్న మనిషికి ఇది బొత్తిగా కొరుకుడు పడలేదు.

"నాన్నా, అది ఆలోచించుకుంటోంది. నువ్వట్లా ఎదురుగా కూర్చుంటే దానికి సిగ్గు" అంది కూతురు అనఘ. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. తండ్రి పిచ్చిని టీవీ చూసినట్టు చూస్తుంది.

చివరికి మిషన్ ఏదో పాట పాడి తలుపు తాళం తీసింది. ఆయన మొట్టమొదట అనఘ డ్యాన్సు క్లాసు చీర బయటికి లాగాడు. దాని అంచుకు వారం రోజుల చెమట, గచ్చు మురికి పట్టి ఉండాలి. లేవు. తన చొక్కా తీసి చంకల దగ్గర వాసన చూశాడు. ఏమీ లేదు. సబ్బు మిగిలి ఉంటుందని ఆశ పుట్టి, బకెట్టు నిండా మంచినీళ్ళు పట్టి చీర ముంచి పిండి చూశాడు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మురికి పోయింది, సబ్బూ పోయింది. మింగుడు పడని విషయం అదే.

"మా అమ్మ చల్లపల్లిలో కాలువ రేవున మూడు నీళ్ళలో జాడించేది. పారే నీళ్ళలో. ఇది నాలుగు చెంబుల నీళ్ళతో ఉతికానంటే ఎట్లా నమ్మమంటావ్?"

"నమ్మకండి. కట్టుకోండి" అంది రమాసుందరి.

ఆవిడకు మాత్రం మిషన్ తెగ నచ్చింది. పాతదానికి పక్కనే ఓ మనిషి ఉండాలి. అది ఎప్పుడు నీళ్ళు తీసుకుంటుందో, ఎప్పుడు వదులుతుందో, ఎప్పుడు మర ఇరుక్కుంటుందో భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. దీనికైతే బొత్తాం నొక్కి ఆఫీసుకు పోవచ్చు. అదీ తనే నొక్కక్కర్లేదు. సోమవారం పొద్దున పనిమనిషి నాగమల్లేశ్వరిని నిలబెట్టి చూపించింది. "ఈ మూతతో ఒక్క మూత పొడి. ఈ బొత్తాం. అంతే. ఇంకేం ముట్టుకోకు."

నాగమల్లేశ్వరిది కొల్లేరు పక్క ఊరు. మొగుడు రాంబాబు మోపెడ్ మీద ఐసు పెట్టె కట్టుకుని వీధి వీధికీ చేపలమ్ముతాడు. ఆమె ఈ అపార్ట్‌మెంటులోనే నాలుగిళ్ళు చేస్తుంది, ఆ నాలుగిళ్ళతోనే ఆమె రోజు గడుస్తుంది. మిషన్ ముందు ఆమె మొదట కాస్త బెదిరింది. తర్వాత మూతలో పొడి పోసి, అంచుకు సమంగా చూపుడు వేలితో గీసి, ఎక్కువైంది డబ్బాలోకి రాల్చి, బొత్తాం నొక్కి, రెండడుగులు వెనక్కి వేసింది. అది కదిలాక గాని గిన్నెల దగ్గరికి వెళ్ళలేదు.

సోమవారం కాలేజీ నుంచి అచ్యుతరామారావు కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల ఓ అమ్మాయి చాలా మర్యాదగా, "అది నార్మల్ సార్. నీళ్ళు ఆదా అవుతాయి సార్" అంది. "మేం కృష్ణ ఒడ్డున ఉన్నామమ్మా, మాకు నీళ్ళకేం కరువు లేదు, ఎక్కువ తీసుకోమని దానికెట్లా చెప్పాలి?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఒక్క నిమిషమని చెప్పి ఓ పాట వినిపించింది. పాట అయిపోయాక ఫోన్ కట్టయింది. తర్వాత కృపానందానికి చేస్తే, "ఎన్ని బట్టలుంటే అన్ని నీళ్ళే తీసుకుంటది సార్, దాన్లో సెన్సారుంది" అన్నాడు.

"ఆ సెన్సారే పాడైతే?"

"పాడవదు సార్."

లోకంలో పాడవని వస్తువుంటుందా? ఫిజిక్సు మాస్టారుకి ఈ మాటతో అనుమానం కాస్తా నమ్మకమైంది. సెన్సారు దోషమే, సందేహం లేదు. నీళ్ళు నిండకుండానే నిండాయనుకుంటోంది. బుధవారం కాలేజీకి సెలవు. రమాసుందరి ఆఫీసుకు, అనఘ బడికి వెళ్ళారు. నాగమల్లేశ్వరి పై ఇంటివాళ్ళ బట్టలు ఆరేయడానికి మేడ మీదికి పోయింది. ఆయన చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి, తలుపు దగ్గరికి వేసి, రెండు బకెట్లు నింపుకున్నాడు.

మిషన్ నడిపించి, సబ్బుపొడి సొరుగు సగం లాగి, మొదట చెంబుతో పోశాడు. గుటగుటమని తాగింది. ఇదేదో బాగుందనుకుని బకెట్టు ఎత్తి పోశాడు. గాజు అడుగున సన్నటి నీటి గీత కనిపించింది. అంతలో మిషన్ గుర్రుమని, పోసిన నీళ్ళన్నీ గొట్టంలోంచి తూములోకి కక్కేసింది. ఆయన మళ్ళీ పోశాడు, అది మళ్ళీ కక్కింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఇక్కడ మొండివాళ్ళిద్దరూ ఎదురుపడ్డారు. చివరికి ఆయన తూములో ఉన్న గొట్టాన్ని బయటికి లాగి, పైకెత్తి, మడిచి, కుళాయి మెడకు నవారు ముక్కతో బిగించి కట్టాడు. ఇక ఎటు పోతావో పో అనుకున్నాడు.

నాలుగో బకెట్టుకు నీళ్ళు సగం గాజు దాకా వచ్చాయి.

ఆయన పీట మీద కూర్చున్నాడు. తెల్లచొక్కాలు చేతులు చాచి ఈదుతున్నాయి. లోపల అల పుట్టి గాజును తడిమి విరుగుతోంది. నాలుగు రోజుల తర్వాత ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఎంతసేపు అలా కూర్చున్నాడో ఆయనకే తెలియదు. పాదాలకు చల్లగా తగిలితే కిందికి చూశాడు. మిషన్ అడుగు నుంచి నీళ్ళు సన్నగా పాకుతూ వస్తున్నాయి. సొరుగు పొర్లి, నీళ్ళు లోపలి వైపు దిగినట్టున్నాయి.

గబగబా నవారు విప్పాడు. నీళ్ళు తూములోకి పోయాయి. లుంగీతోనే నేలంతా తుడిచి, పిండి, ఆరేశాడు. మిషన్ ఏమీ ఎరగనట్టు మిగతా పని చేసుకుని, చివర పాట కూడా పాడింది. దాంతో ఆయన కుదుటపడ్డాడు. బట్టలు తీసి చూస్తే, ఆదివారం నాటికన్నా తెల్లగా ఏమీ లేవు. ఆ మాట ఆయన తనకు తాను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

మర్నాడు నాలుగింటికి కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంట్లో కరెంటు లేదు. వసారాలో కాలిన వాసన. రమాసుందరి ఆఫీసు నుంచి ముందే వచ్చి ఉంది. నాగమల్లేశ్వరి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పన్నెండింటికి బొత్తాం నొక్కిందట, డ్రమ్ము తిరగడం మొదలెట్టగానే వెనకాల ఫట్‌మని పేలి, పొగొచ్చి, ఇల్లంతా ఆరిపోయిందట. ఆమె భయపడి కింద పద్మావతమ్మ గారింటికి పరుగెత్తి, అక్కణ్ణించి ఆఫీసుకు ఫోన్ చేయించింది.

ఐదింటికి కృపానందం వచ్చి వెనక రేకు విప్పాడు. "మోటారు బోర్డు తడిసింది మేడమ్" అన్నాడు.

"ఎందుకు తడుస్తుంది?"

"పొడి ఎక్కువేస్తే నురుగు పొంగి పైనుంచి కారుద్దండి. మామూలుగా జరిగేది అదే. మిషన్ ఎవరు వాడతారండి?"

రమాసుందరి నాగమల్లేశ్వరి వైపు చూసింది.

"ఒక్క మూతేనమ్మా. వేలితో గీసే ఏశాను. రోజూ అట్టాగే ఏస్తన్నా" అంది ఆమె.

కృపానందం వారంటీ కార్డు తీసి పెన్ను మూత విప్పాడు. "కార్డులో కారణం రాయాలండి. మాస్టారు ఉన్నారుగా, ఆయనకి తెలియందేముంది. మీరు కూడా ఓసారి చూడండి సార్. నురుగే అంటారా?"

అచ్యుతరామారావు టార్చి తీసుకుని మిషన్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రేకు మీద నీళ్ళు జారిన చారలున్నాయి. సొరుగు అడుగు నుంచి మోటారు దాకా, సన్నగా, శుభ్రంగా ఉన్నాయి. నురుగు పొంగి ఆరితే తెల్లటి పొరకు పొర అట్టకట్టాలి. అలాంటి మిషన్లు ఆయన ఎన్ని చూడలేదు? ఇక్కడ ఒక్క తెల్లమరక లేదు. టార్చి వెలుగు ఆ చారల మీద పైకీ కిందికీ రెండు సార్లు నడిచింది.

కానీ నిన్న మిషన్ చివరి దాకా నడిచిందే? నీళ్ళ వల్లయితే నిన్ననే పోవాలిగా? ఈ ఎండలకు రాత్రికి రాత్రే ఆరిపోవూ? ఒకవేళ నురుగే పలచగా వచ్చి ఉంటే? బోర్డే నాసిరకం అయితే? ప్రశ్నలు ఒకదాన్ని తోసుకుని ఒకటి వచ్చాయి. పైనుంచి ముగ్గురూ ఆయన వంకే చూస్తున్నారు.

"అయ్యుండొచ్చు" అన్నాడు.

కృపానందం రాసుకున్నాడు. రమాసుందరి అరిచే మనిషి కాదు. "ఇక చాల్లే మల్లీశ్వరీ, రేపట్నుంచి రావద్దు" అంది. నాగమల్లేశ్వరి ఆవిడ వంక చూడలేదు. అచ్యుతరామారావును చూసింది. చూసి, చేతులు కొంగుకు తుడుచుకుని, చెప్పులేసుకుని మెట్లు దిగింది.

శుక్రవారం పద్మావతమ్మ మెట్ల దగ్గర ఎదురై, "మీరు నురుగే అన్నారట గదా అన్నయ్యగారూ. మా మిషన్ కొని ఏడాది కూడా కాలేదు. ఎందుకొచ్చిన గొడవని మేమూ మానిపించేశాం" అంది. శనివారానికి పై ఇంటి వెంకటరత్నమ్మ గారు కూడా మానిపించేసింది. అక్కడ మిషనే లేదు, అయినా చేయి దురుసు మనిషని చెప్పుకున్నారట. ఒక్క మాటతో నాలుగిళ్ళలో మూడు పోయాయి. మిగిలింది రైల్వే గార్డుగారిల్లు. ఆయన నెలలో సగం రోజులు ఊళ్ళోనే ఉండడు.

"నేను అవునన్లేదు. అయ్యుండొచ్చన్నాను" అని అచ్యుతరామారావు తనలో తాను వాదించుకున్నాడు. వాదన క్లాసులో చెప్పినట్టు సాఫీగా సాగేది గానీ, చివరకు వచ్చేసరికి ఆమె చూసిన చూపు దగ్గర ఆగిపోయేది. ఆదివారం పీట మీద కూర్చునే పని లేదు కనుక, రెండు స్టీలు పళ్ళాలు తీసుకుని మేడెక్కాడు. ఒకదాంట్లో మూతెడు పొడితో నురుగు చేసి పోశాడు. రెండో దాంట్లో ఉత్త నీళ్ళు పోశాడు. రెండూ ఏటవాలుగా ఆనించి ఎండలో పెట్టాడు. గంటకు మొదటి పళ్ళెం సున్నం కొట్టినట్టయింది. రెండోదాని మీద సన్నటి శుభ్రమైన చారలు మిగిలాయి. ప్రయోగం అయిపోయింది. ఫలితం కళ్ళ ముందుంది. తర్వాత ఏం చేయాలో మాత్రం ఆయన పాతికేళ్ళుగా చెబుతున్న ఏ పుస్తకంలోనూ లేదు.

సోమవారం కృపానందం వచ్చి కొత్త బోర్డు వేసి, మిషన్ నడిపించి చూపించి వెళ్ళాడు. సాయంత్రం అచ్యుతరామారావు స్కూటరేసుకుని కాలువ గట్టుకు వెళ్ళాడు.

గట్టు మీద రేకుల ఇళ్ళ ముందు రాంబాబు ఐసు పెట్టె కడుగుతున్నాడు. ఆయన్ని చూసి లేచి, చేతులు తుడుచుకుని, ఓ ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. నాగమల్లేశ్వరి రాయి మీద బట్టలుతుకుతోంది. ఉతికిన దుప్పటిని బకెట్లో ముంచి జాడించి, పిండి, నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపుకుంది. మూడోసారి నీళ్ళు మార్చేదాకా ఆయన ఏమీ మాట్లాడలేకపోయాడు.

"మల్లీశ్వరీ, ఆ మిషన్ పాడవడానికి నువ్వు కారణం కాదు."

"తెలుసండి."

"అది కాదు. నేను... బుధవారం నాడు..."

"బకెట్లతో నీళ్ళు పోశారు. గొట్టం కుళాయికి కట్టారు" అంది ఆమె దుప్పటి పిండుతూ. "క్లిప్పులు మర్చిపోయానని మేడ దిగొచ్చానండి. తలుపు సందులోంచి చూశాను. పీటేసుక్కూచుని చూస్తన్నారు. పిలవబుద్ధి కాలేదు. అంత సంతోషంగా మిమ్మల్నెప్పుడూ చూళ్ళేదు."

ఆయన ముఖం కందిపోయింది. "మరి ఆ రోజు చెప్పలేదేం? అమ్మగారు అడిగినప్పుడు?"

నాగమల్లేశ్వరి దుప్పటి చివర మొగుడికి అందించింది. ఇద్దరూ చెరో వైపు మెలితిప్పుతుంటే నీళ్ళు ధారగా కారాయి. "మీరు ఊళ్ళో లేకపోతే చెప్పేదాన్నేమో. మీరక్కడే ఉన్నారు గదండీ. లైటేసి చూస్తన్నారు. చెబుతారనుకున్నా."

ఆ మాటలో కోపం ఉండి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేది. సిగ్గుతో ఆయనకు కూర్చున్న చోట కూర్చోబుద్ధి కాలేదు. లేచి నిలబడి, రేపు సాయంత్రం ఐదింటికి రమ్మని, అమ్మగారితో అంతా చెప్పేస్తానని అన్నాడు.

"మీ ఇంట్లో చెబితే సరిపోద్దాండీ? కిందింట్లో, పైనింట్లో కూడా మీ మాటమీదేగా మాన్పించింది. అందరికీ చెప్పండి. నేనొచ్చే ముందే చెప్పండి. నేనున్నప్పుడు చెబితే నేను చెప్పించాననుకుంటారు."

మంగళవారం మధ్యాహ్నం ఆయన భార్యను ఆఫీసు నుంచి పెందలాడే రప్పించి, ఎదురుగా కూర్చోబెట్టి, దాచకుండా చెప్పాడు. బకెట్లు, నవారు, లుంగీతో తుడవడం, అన్నీ. రమాసుందరి చివరి దాకా విని, లేచి, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"మీకెప్పుడూ ఇంతే. ఎవరైనా కాస్త మొహం వేలాడేస్తే చాలు, లేని తప్పు నెత్తినేసుకుంటారు. మిషన్లో బకెట్లతో నీళ్ళు పోస్తారా ఎవరైనా? అనఘ కూడా పొయ్యదు. ఫిజిక్సు లెక్చరరు మీరు."

"నిజంగా పోశాను రమా."

"మరి ఆ రోజు టార్చి పట్టుకుని చూసి, అయ్యుండొచ్చన్నారే?"

నిజం చెప్పడం కష్టమనుకున్నాడు గానీ, చెప్పాక నమ్మించడం అంతకన్నా కష్టమని ఆయన ఊహించలేదు. కింద పద్మావతమ్మ అయితే చెంపన చెయ్యేసుకుని, "ఎంత మంచి మనసండీ మీది. పనిమనిషి కోసం ఇంత అబద్ధం ఎవరాడతారు ఈ రోజుల్లో" అంది. పై ఇంటి వెంకటరత్నమ్మ గారు మాటయితే అనలేదు గానీ, తిరుపతి ప్రసాదం పెట్టి పంపింది. ఆయన లడ్డు ముక్క చేతిలో పట్టుకుని మెట్ల మధ్య నిలబడిపోయాడు. తిట్టించుకుందామని వెళితే దండ వేసి పంపుతున్నారు. తను చేసినది తప్పో, చెప్పినది తప్పో, చెప్పిన తీరు తప్పో ఆయనకు అంతు చిక్కలేదు.

ఐదింటికి నాగమల్లేశ్వరి వచ్చింది. పద్మావతమ్మ, వెంకటరత్నమ్మ ఏదో ఒకటి తేలుతుందని అప్పటికే వచ్చి హాల్లో కూర్చున్నారు. బడి నుంచి వచ్చిన అనఘ జడ విప్పుకుంటూ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నిన్న ఈయన మీ ఇంటికొచ్చారట" అంది రమాసుందరి. "ఏం చెప్పావమ్మా ఈయనకి? ఏడ్చావా? మంచివాడు గదా అని ఆయన చేత అబద్ధాలాడిస్తే ఎట్లా మల్లీశ్వరీ?"

నాగమల్లేశ్వరి ముఖంలో రంగు మారింది. మూడిళ్ళు పోయినప్పుడు కూడా ఆమెకు కళ్ళలో నీళ్ళు రాలేదు, ఇప్పుడు వచ్చాయి. "నేనేం చెప్పలేదమ్మా" అంది. అది ఎవరూ విన్నట్టు లేదు. ఆమె అచ్యుతరామారావు వైపు తిరగబోయి, మానేసి, చెప్పులున్న వైపు చూసింది.

ఆయన సోఫాలోంచి లేచాడు. స్నానాలగదిలోకి వెళ్ళి రెండు బకెట్లు నింపుకొచ్చాడు. "ఇట్లా రండి అందరూ" అన్నాడు.

అందరూ వసారాలోకి వచ్చారు. ఆయన మాసిన బట్టల బుట్ట మిషన్లో బోర్లించి, తలుపు వేసి, బొత్తాం నొక్కాడు. గొట్టం పైకి లాగి, మడిచి, కుళాయి మెడకు నవారుతో కట్టాడు. ముడి వేయడం ఇది రెండోసారి కనుక చేతులు తడబడలేదు. సొరుగు లాగి మొదటి బకెట్టు పోశాడు.

"ఏమండీ, ఏం చేస్తున్నారు? నిన్ననే గదా బాగు చేయించింది" అంది రమాసుందరి.

ఆయన రెండో బకెట్టు పోశాడు. వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చాడు. తెచ్చేటప్పుడు తొణికి దారంతా తడిసింది, పద్మావతమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పక్కకు జరిగింది. మూడోది పోసేసరికి గాజు అడుగున నీళ్ళు కనబడ్డాయి.

"మాస్టారూ, చాలండి. తెలిసిందిగా" అంది నాగమల్లేశ్వరి మెల్లగా.

ఆయన నాలుగోది కూడా పోశాడు. నీళ్ళు సగం గాజు దాకా వచ్చి నిలిచాయి. అనఘ చున్నీ, ఆయన చొక్కా, రమాసుందరి ఆఫీసు చీర వాటిలో తేలుతూ ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. అంత అందంగా పాత మిషన్లో కూడా ఎప్పుడూ తిరగలేదు. ఆయన అటు చూడలేదు. భార్య ముఖం చూస్తున్నాడు. సొరుగు పొర్లి, లోపల ఎక్కడో నీళ్ళు జారిన చప్పుడైంది. కాసేపటికి అడుగు నుంచి సన్నగా బయటికి వచ్చాయి. ఆ తర్వాత ఫట్‌మంది. డ్రమ్ము ఆగింది. హాల్లో ఫ్యాను కూడా ఆగింది.

"అన్నయ్యగారూ..." అంది పద్మావతమ్మ.

రమాసుందరి చాలాసేపు మిషన్‌ను చూసింది. తర్వాత ఆయన్ను చూసింది. ఆవిడ కళ్ళలో కోపం ఉంది, దానికన్నా ఎక్కువగా, ఇరవయ్యేళ్ళ కాపురంలో ఈ మనిషిని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఓ తికమక ఉంది. నేల మీద నీళ్ళు హాలు వైపు పాకుతున్నాయి. "మల్లీశ్వరీ, ఆ గుడ్డ..." అని అలవాటుగా అనేసి, నాలిక కరుచుకుంది. నాగమల్లేశ్వరి కదల్లేదు.

అచ్యుతరామారావు కిటికీ మీది గుడ్డ తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచి బకెట్లో పిండి, మళ్ళీ తుడిచాడు. ఆడవాళ్ళంతా గోడకు ఆనుకుని ఆయనకు దారి ఇచ్చారు.

"రేపు పొద్దున వస్తావా?" అంది రమాసుందరి, నాగమల్లేశ్వరి ముఖంలోకి చూడకుండా.

"మా ఇంటికి కూడా" అంది పద్మావతమ్మ. వెంకటరత్నమ్మ గారు తల ఊపింది.

నాగమల్లేశ్వరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"వస్తానమ్మా" అంది. "కానీ మాస్టారు ఇంట్లో ఉండే రోజున మాత్రం మిషన్ నాకు అప్పజెప్పమాకండి."

అచ్యుతరామారావు తల ఎత్తలేదు. గుడ్డ పిండి, ఆమె కాళ్ళ దగ్గర మిగిలిన నీళ్ళు తుడిచాడు.